పదిలో ఎంత

జూన్ 3, సోమవారం

సకల జనులకూ, విశేషించి నర్సింగ్ కాలేజీ స్కిల్ ల్యాబులో సంచరించు వారందరికీ తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి మూడో మంచం మీది నీలం గలీబు దిండు సర్వహక్కులతో నాది. ప్లాస్టిక్ బామ్మకు దానిపై ఎట్టి అధికారమూ లేదు. బామ్మకు తల ఉన్నది గానీ మెడనొప్పి లేదు. నాకు రెండూ ఉన్నవి. ఈ ఉత్తర్వును ధిక్కరించిన వారి రెండు బూట్ల తాళ్ళూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండగలవు.

దీన్ని పెద్ద అక్షరాలతో రాసి ల్యాబు గోడకు అంటించాను. ప్రిన్సిపాల్ వచ్చి చదివింది, చింపింది, చింపిన ముక్కలు నా చేతిలోనే పెట్టి చెత్తబుట్ట ఎక్కడుందో తెలుసుగా అంది. ఆవిడని అందరూ పెద్ద మేడమ్ అంటారు. మనిషి నా భుజం దాకా వస్తుంది. పోనీలే, దిండు మాత్రం నా దగ్గరే ఉంది.

నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే పడుకుంటానని చెప్తాను. అబద్ధం కాదు. ఈ కాలేజీలో నేను పేషెంటుని. పిల్లలు ముందు ప్లాస్టిక్ బొమ్మ మీద, అంటే బామ్మ మీద, నేర్చుకుంటారు. తర్వాత నా మీద పరీక్ష ఇస్తారు. బీపీ చూస్తారు, జ్వరం చూస్తారు, పక్కకు తిప్పుతారు, ఎక్కడ నొప్పి అని అడుగుతారు. నేను మూలుగుతాను. ఎనిమిదో క్లాసు తప్పినదానికి మూలిగితే జీతమిచ్చే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది. పిల్లలు నన్ను పేషెంటమ్మా అని పిలుస్తారు. నేను వాళ్ళకు పేర్లు పెడతాను.

జూన్ 4, మంగళవారం

కొత్త సంబరం. మా కాలేజీ, ఇంకో రెండు కాలేజీలు కలిసి ఒకే పద్ధతిలో పరీక్ష పెడతాయట. ఇక్కడ మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల అక్కడికి వెళ్తే బొటాబొటిగా గట్టెక్కుతోందట. ఒకే చెయ్యి, ఒకే సూది, మూడు చోట్ల మూడు మార్కులా అని పెద్ద మేడమ్ మీటింగులో బల్ల గుద్దింది. మాట న్యాయమే. నేనూ తలూపాను, నన్నెవరూ అడగకపోయినా. దానికి ఉమ్మడి కొలత అని పేరు పెట్టారు. నేను ఉమ్మడి వంట అంటున్నాను. ముగ్గురు కలిసి ఒకే పొయ్యి మీద వండితే ఎవరి కూర మాడుతుందో చూడాలి.

రెండో కాలేజీ నుంచి ఒక సారు వచ్చాడు. జేబులో స్టీలు స్కేలు. గీత గీయాల్సిన పని లేకపోయినా తీసి బల్ల మీద పెట్టుకుంటాడు. స్కేలు సారు. మూడో కాలేజీ నుంచి ఒక మేడమ్. ప్రతి మాటకూ ముందు ఒక నిట్టూర్పు. నిట్టూర్పు మేడమ్. వీళ్ళిద్దరూ, మా పెద్ద మేడమూ అద్దం వెనక కూర్చుని ఒకే పిల్లని చూస్తారు, విడివిడిగా మార్కులేస్తారు, తర్వాత పక్క తలుపు తీసి పెట్టుకుని నాకు వినబడేలాగే పోల్చుకుంటారు.

నాకు ఒక పేపరిచ్చారు. కడుపునొప్పి, కుడివైపు, నిన్నటి నుంచి, పదిలో ఆరు. ఎవరడిగినా ఇదే చెప్పాలట. ఒక్క ముక్క అటూ ఇటూ కాకూడదట. స్కేలు సారు నా కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. నా గురించి ఎవరో ముందే చాడీలు మోసినట్టున్నారు.

జూన్ 6, గురువారం

కోపం మీద రాస్తున్నాను. అక్షరాలు బాగా రావడం లేదు. మామూలుగా కూడా రావనుకో.

ఇవాళ ఒక పిల్లని లోపలికి పంపి ముగ్గురూ మార్కులేశారు. చేతులు కడుక్కుందా, ముగ్గురికీ ఒకటే. పేరు చెప్పుకుందా, ఒకటే. దుప్పటి కప్పిందా, ఒకటే. రోగి చెప్పేది విన్నదా అనే గడి దగ్గరకొచ్చేసరికి పెద్ద మేడమ్ తొమ్మిది, నిట్టూర్పు మేడమ్ ఐదు, స్కేలు సారు రెండు. ఇప్పుడు పోట్లాడుకుంటారు, విందామని దుప్పట్లోంచి ఒక చెవి బయట పెట్టాను. స్కేలు సారు స్కేలు ఆనించి ఆ గడి మీద అడ్డంగా గీత కొట్టాడు. ముగ్గురికీ కుదరనిది అసలు కొలతే కాదట. తీసేద్దామట. నిట్టూర్పు మేడమ్ నిట్టూర్చి సరే అంది. పెద్ద మేడమ్ గడియారం చూసి సరే అంది.

అంతే. వినడం పోయింది. తర్వాత ధైర్యం చెప్పిందా అనే గడి పోయింది. రోగి ముఖం చూసిందా అనేదీ పోయింది. ఎక్కడ తేడా వస్తే అక్కడ గీత. తూకం కుదరలేదని బస్తాలో సరుకు పారబోసేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఉంగరం పట్టలేదని వేలు కోసుకున్నట్టుంది. సాయంత్రానికి మార్కులన్నీ కలిశాయి. ఒకరికొకరు కంగ్రాట్స్ చెప్పుకున్నారు. కలవక చస్తాయా.

జూన్ 7, శుక్రవారం

కొట్టేసే గీతకు స్కేలెందుకు.

జూన్ 11, మంగళవారం

ఇవాళ ఉత్తుత్తి పరీక్ష. అసలుది ఇరవై నాలుగున.

నత్త వచ్చింది. ఆ పిల్లకు నత్త అని పేరు పెట్టింది నేనే. కొంచెం సిగ్గుగానే ఉంది గానీ కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఇంజెక్షన్ ఇవ్వమంటే మందు సీసా మీది అక్షరాలన్నీ కింది అడ్రసుతో సహా చదువుతుంది. పోయినసారి టైమైపోయి ఈ పరీక్షే తప్పింది. రెండోసారి కూడా తప్పితే కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు. రూలు.

చేతులు కడుక్కుంది. పేరు చెప్పింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు. నొప్పి ఎలా ఉందమ్మా అంది. ఎంత అని కదా అడగాలి. ఆరు అనే మాట నాలుక చివర రెడీగా పెట్టుకున్నాను. ఎలా అంటే నా పేపర్లో లేదు. పోటా, సలుపా అని అడిగింది. గుచ్చుతోందా, లాగుతోందా, మెలిపెడుతోందా, మంటా, లేకపోతే ఉత్త బరువా అంది. మెలిపెడుతోందమ్మా అనేశాను. అనగానే నిజంగా మెలిపెట్టింది, ఒట్టు. తిన్నాక ఎక్కువా, తినకముందా అంది. వెల్లకిలా పడుకుంటే తగ్గుతుందా అంది. నేను దొరికిందే సందని లేని నొప్పికి ఉన్న సంగతులన్నీ చెప్పుకున్నాను. గంట మోగింది. పదిలో ఎంత అని ఆ పిల్ల అడగనే లేదు. దుప్పటి కప్పనే లేదు. తప్పింది.

ముగ్గురికీ ఒకే మార్కు. స్కేలు సారు మురిసిపోయాడు. చూశారా, ఒక్క గడిలో కూడా తేడా రాలేదు అన్నాడు.

జూన్ 12, బుధవారం

నత్త నాతో పోట్లాడింది.

ల్యాబు వెనక మెట్ల మీద పెన్ను మూత కొరుకుతూ కూర్చుని ఉంటే ఓదారుద్దామని వెళ్ళాను. నా మీదే పడింది. పేషెంటమ్మా, మీరు ఆరు అని పడేసి ఊరుకోవచ్చుగా, ఆ మెలిపెట్టడం గురించి అంత పురాణం చెప్పాలా అంది. నువ్వడిగావు, నేను చెప్పాను అన్నాను. అడిగితే మాత్రం అంతసేపా అంది. నాకూ ఒళ్ళు మండింది. నిన్ను నత్త అని ఊరికే అన్నానా అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అవునండీ నత్తనే, నత్తకి కనీసం కళ్ళు ముందుకు చాచి ఉంటాయి, మీ కమిటీకి అవీ లేవు అంది. ఆ క్షణం నుంచి ఈ పిల్లంటే నాకిష్టం.

ప్రాక్టీసు చేయించాను. ముందు పదిలో ఎంతో అడిగెయ్ తల్లీ, ఎలాంటిదో తర్వాత చూసుకుందాం అన్నాను. అడిగింది. ఆరు అన్నాను. దేనికి ఆరు అంది. నొప్పికి అన్నాను. ఏ నొప్పికి అంది. నా ప్రాణానికి అన్నాను. కాదు పేషెంటమ్మా, పోటుకు ఆరైతే డాక్టర్ని పిలవాలి, కాళ్ళ తీపుకు ఆరైతే కాళ్ళ కింద దిండు పెట్టాలి, ఉత్త ఆరుకు నేనేం చెయ్యాలి అంది. రాసుకో, నీ పని రాసుకోవడమే అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన టైలరు. ఈ పిల్లల యూనిఫారాలన్నీ ఆయనే కుడతాడు. కోటు భుజం దగ్గర కొలతలో తేడా వస్తే ఏం చేస్తావని అడిగాను. మళ్ళీ కొలుస్తానన్నాడు. భుజం తీసేయవా అన్నాను. నీకేదో అయింది, ముందు భోంచెయ్ అన్నాడు. ఆ పిల్ల పాసైతే నీకేమిటి, తప్పితే నీకేమిటి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాడు. కందకు దురద లేదని నీకెవరు చెప్పారు, కందని ఎవరడిగారు అన్నాను. ఆయన దారం నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించుకున్నాడు.

జూన్ 14, శుక్రవారం

ఇవాళ ఒక మంచి పని చేశాను.

బామ్మను నా మంచమెక్కించాను. మెడదాకా దుప్పటి కప్పాను. తలకు నా స్కార్ఫు చుట్టాను. నా దిండు కూడా ఇచ్చాను, చరిత్రలో ఇలాంటి త్యాగం లేదు. నేను మంచం కింద దూరాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు, ఒప్పించాను. అద్దం వెనక నుంచి చూస్తే మంచం తలవైపు సరిగా కనబడదు. ఆ సంగతి ఆ మంచం మీద పడుకునే నాకు తెలుసు, కూర్చుని చూసే వాళ్ళకు తెలియదు.

వచ్చిన పిల్లను నేను రైలు అంటాను. ఎక్కడా ఆగదు. చేతులు కడుక్కుంది. నమస్కారమమ్మా అని బామ్మకు తన పేరు చెప్పుకుంది. నొప్పి పదిలో ఎంతమ్మా అంది, కళ్ళు గోడ గడియారం మీద పెట్టి. ఆరు అన్నాను కింద నుంచి. దుప్పటి సర్దింది. ఏం భయం లేదని రబ్బరు భుజం తట్టింది. తట్టిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.

నిండు మార్కులు. ముగ్గురివీ. ఒక్కటే అంకె. అప్పుడు నేను మంచం కింద నుంచి పాక్కుంటూ వచ్చి అద్దానికి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టాను.

తర్వాత రైలుని వరండాలో పట్టుకున్నాను. నీకు తెలియలేదటే అని అడిగాను. తెలిసిందండీ, కానీ బామ్మా మనిషా అని చూసినందుకు గడి లేదుగా అంది. ఆ పిల్లను ఏమనగలను. ఏ గడి ఉంటే ఆ గడి నింపింది.

జూన్ 15, శనివారం

సిగ్గుపడతారనుకున్నాను. నా పిచ్చి గానీ.

స్కేలు సారు సంతోషంగా ఉన్నాడు. దీన్నిబట్టి మన కొలత ఎంత గట్టిదో తేలిపోయిందట. పేషెంటు ప్లాస్టిక్‌దైనా ముగ్గురి మార్కులూ మారలేదట. ఈ మాట అతను నవ్వకుండా అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎముక కొరుకుతున్నావా అని అడిగాడట, అలా ఉంది.

నాకు మాత్రం మెమో. మంగళవారం ముగ్గురి ముందూ నిలబడి క్షమాపణ చెప్పుకోవాలి. అప్పుడు నత్త సంగతి కూడా అడగనా అని పెద్ద మేడమ్‌ని అడిగాను. ఆ పిల్ల సంగతి కొలత చూసుకుంటుంది, నీ సంగతి నువ్వు చూసుకో అంది.

జూన్ 17, సోమవారం

క్షమాపణ రాద్దామని కూర్చున్నాను. తిట్లు వస్తున్నాయి.

జూన్ 18, మంగళవారం, సాయంత్రం

వెళ్ళాను. పొడుగు బల్ల, ఒక చివర వాళ్ళు ముగ్గురు, ఇంకో చివర నేను. కుర్చీ చూపించలేదు. ముందు నత్త గురించే చెప్పాను. ఆ పిల్ల అడిగినట్టు నన్ను మా అమ్మ కూడా అడగలేదు, ఆ అడిగినదానికి మీ కాగితంలో చోటు లేదు, చోటు లేకపోవడం ఆ పిల్ల తప్పెలా అవుతుంది అన్నాను. స్కేలు సారు, అది మీ అభిప్రాయం అన్నాడు. నిట్టూర్పు మేడమ్ నిట్టూర్చింది. పెద్ద మేడమ్, క్షమాపణ అంది.

సరే, క్షమించండి అందామని నోరు తెరిచాను. మా బావగారు అని వచ్చింది.

మా బావగారు, మా ఆయనకు అన్నగారు, ఏదైనా తగ్గించి చెప్పే మనిషి అని చెప్పాను. ఇల్లు తగలబడుతున్నా కాస్త వెచ్చగా ఉందనే రకం. ఒకరోజు పొద్దున్నే ఛాతీ పట్టుకుని ఒక్కరే ఆసుపత్రికి నడిచి వెళ్ళారు. నొప్పి పదిలో ఎంత అని అడిగారట. ఆయన ఆలోచించి, నొప్పి కాదమ్మా, బరువు, రోలు ఎత్తి పెట్టినట్టుంది అన్నారట. బరువు కాదండీ, నంబరు చెప్పండి అన్నారట. రెండు అన్నారు. రెండు అని రాసి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆరూ ఏడూ చెప్పినవాళ్ళు లోపలికి వెళ్తున్నారు. ఈయన చెప్పులు విడిచి, రెండూ పక్కపక్కన సర్దిపెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. పేరు పిలిచేసరికి పలకలేదు. ఆ పిల్ల నన్ను బరువా అని అడిగింది సార్, ఆ ఒక్క మాట ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే అన్నాను. అని ఆపేశాను.

స్కేలు సారు స్కేలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నిట్టూర్పు మేడమ్ నిట్టూర్చలేదు, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాల్ని కాదు కళ్ళని. పెద్ద మేడమ్ లేచి తనే గ్లాసులో నీళ్ళు పోసి నాకిచ్చింది. కూర్చోవమ్మా అంది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు మా ఆయనకు చెప్పాను. మిషను ఆపాడు. నా ముఖంలోకి చూశాడు. మళ్ళీ తొక్కడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 19, బుధవారం

కొత్త గడి వచ్చింది. నొప్పి ఎలాంటిదో రోగి మాటల్లో అడిగి తెలుసుకుందా. నత్తకు చెప్పాను. నాకోసమా అంది. నీకోసం కాదు, వాళ్ళకోసం అన్నాను. అయినా దుప్పటి మర్చిపోకు అన్నాను.

జూన్ 21, శుక్రవారం

ఆ గడి పెట్టగానే మళ్ళీ తేడా. ఒక పిల్లకు మూడు, ఏడు, ఎనిమిది వేశారు. స్కేలు సారు చెయ్యి జేబులోకి వెళ్ళింది. నిట్టూర్పు మేడమ్ ఆగండి అంది. నిట్టూర్పు లేకుండా. ముందు మీరు మూడెందుకు వేశారో చెప్పండి అంది. ఆ పిల్ల బాగానే అడిగింది, కానీ సలుపు అని విని నొప్పి అని రాసింది, అడిగి ఏం లాభం అన్నాడు సారు. మిగతా ఇద్దరూ అది చూడనే లేదట. కాగితం లాక్కుని చూశారు. ఎనిమిది కిందికి దిగింది. పిల్ల గొంతు ఎంత మెత్తగా ఉందో మీరు విన్నారా అని పెద్ద మేడమ్ సారుని అడిగింది. మూడు కొంచెం పైకి లేచింది.

తర్వాత అసలు యుద్ధం. సలుపూ పోటూ ఒకటే అని సారు. తలకైతే పోటు, పంటికైతే సలుపు, ఆ మాత్రం తెలియదా అని నిట్టూర్పు మేడమ్. పుండు సలపదా మరి అని పెద్ద మేడమ్. మీకెప్పుడైనా పన్ను నొప్పి వచ్చిందా అసలు అని సారుని నిలదీశారు. అతను నోరు తెరిచి వెనక పన్ను చూపించాడు. ముగ్గురూ నొప్పుల కోసం కొట్టుకుంటుంటే మధ్యలో నేను మూలుగుతూ పడి ఉన్నాను. నాకెలా ఉందని ఒక్కరూ అడగలేదు.

గీత కొట్టిన గడులు కూడా ఒక్కొక్కటే లేచి వస్తున్నాయి. విన్నదా అనేది వచ్చేసింది. పాత కాగితంలో చోటు లేక కొత్తది తీశారు. ఇంటికి వెళ్ళేసరికి దీపాలు పెట్టారు. ఇన్నాళ్ళలో ఇవాళ వాళ్ళ మార్కులు తక్కువ కలిశాయి, వాళ్ళు ఎక్కువ మాట్లాడుకున్నారు.

జూన్ 24, సోమవారం, పొద్దున

నాకు నిజంగా కడుపులో మెలిపెడుతోంది. ఇవాళ్టి పేపరు ఇంకా చేతికి రాకముందే.

అదే రోజు, మధ్యాహ్నం

నత్త చేతులు కడుక్కుంటూనే ఉంది. తోలు ఊడుతుందేమో అనుకున్నాను. కుర్చీ లాక్కుంది. పదిలో ఎంతమ్మా అంది. ఆరు అన్నాను. దేనికి అని పెదవుల దాకా వచ్చింది, చూశాను, మింగేసింది. ఎలాంటిదమ్మా అంది. ఈసారి నా పేపర్లో ఉంది, మెలిపెట్టినట్టు అని. జన్మలో మొదటిసారి ఇచ్చిన పేపరు ఇచ్చినట్టు, అదీ క్లుప్తంగా, చెప్పాను. బరువుగా కూడా ఉందా అంది. లేదమ్మా అన్నాను. మెలిపెట్టినట్టు అని పైకి అనుకుంటూ, ఒక్కొక్క అక్షరమే రాసుకుంది. లేచింది. దుప్పటి లాగింది. కంగారులో ముఖం మీదుగా కప్పేసింది, శవానికి కప్పినట్టు. నేను లోపల నవ్వాపుకోలేక ఊగుతున్నాను. అయ్యో సారీ అని ముఖం తీసింది. గంట మోగింది.

ముగ్గురివీ మూడు మార్కులు. తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. నత్త మెట్ల మీద కూర్చుని పెన్ను మూత మొత్తం తినేసింది. పెద్ద మేడమ్ బయటికొచ్చి, పాస్, చెయ్యి ఇంకొంచెం తొందరగా ఆడాలి అంది.

ఎక్కువ వేసింది ఎవరో తెలుసా. స్కేలు సారు. ఆ పిల్ల బరువుగా ఉందా అని అడిగినప్పుడు మీ బావగారు గుర్తొచ్చారమ్మా అన్నాడు నాతో.

జూన్ 27, గురువారం

గెలిచాక కోపం తగ్గాలి కదా. పెరిగింది.

బతికున్న పిల్ల వాళ్ళ కళ్ళ ముందు అన్యాయంగా తప్పింది. కదల్లేదు. ప్లాస్టిక్ బామ్మ రైలుని నిండు మార్కులతో పాస్ చేయించింది. కదల్లేదు. నేను నోరు పోయేలా చెప్పాను, అది అభిప్రాయమన్నారు. ఒక మనిషిని తెచ్చి బల్ల మీద శవంగా పడుకోబెడితే తప్ప కాగితంలో ఒక గడి పెరగదా. ప్రతి గడికీ ఒక మనిషి చావాలంటే మన దగ్గర అంతమంది ఉన్నారా.

మూడు కాలేజీలకూ పంచే పుస్తకంలో బెంచీ మీది పెద్దమనిషి అని ఒక పేజీ వేస్తున్నారట, చెప్పుల సంగతితో సహా. పిల్లలైతే ఆ గడికి బావగారి ప్రశ్న అని పేరు పెట్టేశారు. బావగారి ప్రశ్న అడిగావా, మర్చిపోయావా అని వరండాలో ఒకరినొకరు హెచ్చరించుకుంటున్నారు. రైలు కూడా ఆగి అడుగుతోంది.

జులై 6, శనివారం

స్కేలు సారు ఇవాళ మా ఇంటికొచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అన్నగారి గురించి విన్నాను, మనసంతా అదోలా అయింది అన్నాడు. మా ఆయన తలదించుకుని థాంక్సండీ అన్నాడు.

మా ఆయనకు అన్న లేడు. తమ్ముడూ లేడు. ఒక్కడే కొడుకు. బావగారు ఆ మీటింగులో నేను నోరు తెరిచాక పుట్టాడు, మూసేలోగా పోయాడు.

సారు వెళ్ళాక మా ఆయన మిషను తొక్కలేదు. అంత మంచివాణ్ణి కొన్నాళ్ళు ఉండనివ్వాల్సింది అన్నాడు.